గతుకుల రోడ్డుకు తగిన సైకిలు

ఆ జిల్లాలో గతుకుల రోడ్డంటూ లేదు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు కూడా ఈ సంగతి తెలియదు. పశుసంవర్ధక శాఖ వారు ఒక సైకిలు కొనబోయినప్పుడే బయటపడింది.

సైకిలు కావాలని అడిగింది ఆరిక చామంతి. ఘాటీ మీది ఊళ్లకు ఆమె పశువైద్య సహాయకురాలు. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది. అందుకని ఆఫీసులో అందరూ ఆమెను నెమ్మదస్తురాలని మెచ్చుకునేవారు. మెచ్చుకుని, మీటింగుల్లో కుర్చీ వేయడం మరిచిపోయేవారు.

ఆ కొండ ఊళ్లలో మేకలే జనానికి ఆధారం. తొలకరి పడి కొత్త గడ్డి లేవగానే ఆ మేకలకు చిటుకు రోగం వస్తుంది. సాయంత్రం గంతులు వేసిన పిల్ల తెల్లారేసరికి కాళ్లు చాపుకుని ఉంటుంది. దానికి టీకా ఉంది. టీకా వానలకు ముందే పడాలి, పడేదాకా చల్లగా ఉండాలి. ఇక్కడే వచ్చింది చిక్కు. చామంతి ఘాటీ కింద బస్సు దిగి, ఐసుపెట్టె భుజాన వేసుకుని, దారిలో ఒక రాత్రి ఎవరింట్లోనో తలదాచుకుని ఇప్పలగూడ చేరేసరికి పెట్టెలో ఐసు నీళ్లయ్యేది, నీళ్లు గోరువెచ్చనయ్యేవి. నిరుడు ఆ వెచ్చబడిన మందే పొడిచింది. నిరుడు ఇప్పలగూడలో మేకలు టీకా పొడవనట్టే పోయాయి.

సిరమ్మ అని ఒక ముసలామె మందలో సగం ఊడ్చుకుపోయింది. వరస కలుపుకుని చామంతిని కోడలా అని పిలిచే మనిషి. ఆమె తిట్టలేదు. "ఇంత దూరం ఎండలోన ఉడుకునీళ్లు మోసుకొచ్చి పొడిసినావు కోడలా, నీ కట్టం ఊరకే పోనాది," అని ఊరుకుంది. తిట్టి ఉంటే చామంతికి ఆ రాత్రి నిద్ర పట్టేది.

సైకిలుంటే చదునున్న చోట తొక్కవచ్చు, ఎక్కుడున్న చోట తొయ్యవచ్చు, గెడ్డలో నీళ్లు అడ్డం వచ్చిన చోట ఎత్తుకోవచ్చు. తెల్లవారకముందే బయల్దేరితే, ఐసు ఐసుగా ఉండగానే ఊరు చేరవచ్చు. ఫిబ్రవరిలో జరిగిన సమీక్షా సమావేశంలో, గోడకు ఆనుకుని నిలబడి, చామంతి ఈ మాటే చెప్పబోయింది.

"సార్, ఒక సైకిలు ఇప్పిస్తే..."

జాయింట్ డైరెక్టరు డాక్టర్ పరిమి సత్యజిత్ గారు ఆ క్షణం దాకా గొర్రెల అంకెలు వింటూ కునుకు తీస్తున్నారు. సైకిలు అన్న మాట చెవిన పడగానే కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. ఆయన ఆదివారాలు సైకిలు తొక్కుతారు. మనం తొక్కినట్టు కాదు. ఒంటికి అతుక్కుపోయే బట్టలు, చీలికలు చీలికలుగా ఉండే టోపీ, రంగు కళ్లద్దాలు. వెనక జీపులో డ్రైవరు మంచినీళ్లూ, గాలి పంపూ, ఆయన మామూలు బట్టలూ పట్టుకుని మెల్లగా వస్తాడు.

"ఏ సైకిలు?" అన్నారు ఆయన.

"ఏదో ఒకటి సార్. వెనక గట్టి కేరియరుంటే చాలు. దూరం ఎక్కువ, దారంతా గతుకులు..."

"విన్నారా!" అని ఆయన హాలంతా కలయజూశారు. "ఈ 'ఏదో ఒకటి' అనే మనస్తత్వమే మనల్ని ఇక్కడ నిలబెట్టింది. అమ్మా, మీరు డాక్టరు దగ్గరికి వెళ్లి ఏదో ఒక మందివ్వమంటారా?"

మా ఊళ్లో అలాగే అంటాం సార్ అని నోటి దాకా వచ్చింది గానీ, చామంతి మింగేసింది.

"దూర ప్రయాణం, కఠిన మార్గం. ఈ రెండింటికీ తగిన సైకిలు ఏది? ఇది చాలా లోతైన ప్రశ్న. దీన్ని శాస్త్రీయంగా తేల్చాలి," అన్నారు జేడీ గారు. అక్కడికక్కడే 'దూర ప్రయాణ కఠినమార్గ ద్విచక్ర వాహన ఎంపిక సంఘం' ఏర్పాటైంది. అధ్యక్షులు ఆయనే. సభ్య కార్యదర్శి ఆఫీసు సూపరింటెండెంటు గంటి సూర్యప్రకాశం గారు. ఖర్చు చూడటానికి అకౌంట్సు ఆఫీసరు. చామంతిని ప్రత్యేక ఆహ్వానితురాలిగా నియమించారు. ప్రత్యేక ఆహ్వానితులు గుమ్మం దగ్గర నిలబడతారు.

మొదటి సమావేశంలో జేడీ గారు గోడ మీద రంగు బొమ్మలు వేయించి చూపించారు.

"కొండ కాబట్టి మౌంటెన్ సైకిలు అంటారు తెలియనివాళ్లు. అది కొండెక్కుతుంది, దూరం పోలేదు. దూరం కాబట్టి టూరింగు సైకిలు అంటారు కొద్దిగా తెలిసినవాళ్లు. అది దూరం పోతుంది, కొండ దగ్గర చతికిలబడుతుంది. రెండూ కలిపి హైబ్రిడ్ అని ఒకటి చేశారు. అది సగం కొండెక్కి, సగం దూరం పోతుంది. మనకు కావలసింది సగం కొండా?"

"సగం కొండకైతే బడ్జెట్టులో వీలుంది సార్," అన్నారు అకౌంట్సు ఆఫీసరు ఆశగా.

"నాదొక చిన్న మనవి," అన్నారు సూర్యప్రకాశం గారు. "తొక్కేది ఆడపిల్ల. లేడీస్ సైకిలైతే ముందు బుట్ట ఉంటుంది. బుట్టలో ఐసుపెట్టె పెట్టుకుంటుంది. మా మేనకోడలు అలాగే టిఫిన్ కేరియరు పెట్టుకుని కాలేజీకి వెళ్లేది."

జేడీ గారు ఆయన్ని గుర్రప్పందేలకు గేదెను తోలుకొచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు. ఆ రోజుకు సమావేశం ముగిసింది.

చట్రం ఇనుముది కావాలా, అల్యూమినియంది కావాలా అన్నదానికి మరో రెండు సమావేశాలు పట్టాయి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుందని అకౌంట్సు ఆఫీసరు అభ్యంతరం చెప్పారు. కొండ మీద ఉప్పుగాలి ఉండదండీ అని చామంతి గుమ్మం దగ్గర్నుంచి అంది. అవును గానీ, ముందు ముందు ఈమెను సముద్రతీరానికి బదిలీ చేయవలసి వస్తే ఏమిటి గతి అన్న అంశం పరిశీలనకు వచ్చింది. టైరు లావుగా ఉండాలా సన్నగా ఉండాలా అన్నప్పుడు మాత్రం అందరూ ఒక మాట మీదికి వచ్చారు. అది దారిని బట్టి ఉంటుంది. దారి ఏ తరగతి గతుకులదో తేల్చి చెప్పవలసింది రోడ్ల శాఖ.

అప్పటికి మార్చి వెళ్లిపోయింది. జేడీ గారు, సూర్యప్రకాశం గారు, వాళ్ల వెనక చామంతి రోడ్ల శాఖ ఇంజనీరు దగ్గరికి వెళ్లారు. దంతులూరి విజయరామరాజు గారని, పెద్ద మీసాలాయన. మర్యాదస్తుడు. కాఫీలు తెప్పించి, విషయం విని, ఎంతో బాధపడ్డారు.

"గతుకుల రోడ్డా? మా జిల్లాలోనా? ఎవరండీ మీకు చెప్పింది?"

గోడ మీద పెద్ద పటం ఉంది. ఘాటీ కింద నుంచి ఇప్పలగూడ మీదుగా దబ్బలోవ, ఈతమానుగూడ దాకా లావుపాటి నల్లగీత. "తారు రోడ్డు," అన్నారు రాజుగారు, గీత మీద వేలితో నిమురుతూ. "రెండు సార్లు వేశాం. ఒకసారి వెడల్పు చేశాం. పోయినేడు ముచ్చటపడి మళ్లీ మరమ్మతు చేశాం."

చామంతి ఇక ఉండబట్టలేకపోయింది. "సార్, నేను నెలకు రెండు సార్లు నడుస్తానండి. అక్కడ రోడ్డే లేదండి. రాళ్లు, గెడ్డలు, ముళ్ల పొదలు..."

రాజుగారు జాలిపడ్డారు. "మీరు నడిచేది పక్క దారై ఉంటుందమ్మా. ఇబ్బంది పడటం దేనికి? ఇకనుంచి రోడ్డు మీద నడవండి."

బయటికి వచ్చాక జేడీ గారు చెట్టు నీడలో నిలబడి చాలాసేపు ఆలోచించారు. గతుకులు లేవంటే గతుకుల సైకిలు కొనడానికి కారణం లేదు. కొన్నా, పరీక్షించడానికి చోటు లేదు. పరీక్షించని సైకిలు మీద ప్రభుత్వ ఉద్యోగిని ఎక్కించలేరు. సమస్య చిక్కనయ్యే కొద్దీ ఆయన ముఖం వెలిగిపోతుండటం చామంతి గమనించింది. ఆయన వెనక్కి తిరిగి మళ్లీ రాజుగారి గదిలోకి నడిచారు.

"లేకపోతే వేయండి," అన్నారు.

"ఏం వేయాలి?"

"గతుకుల రోడ్డు. మా ఆఫీసు ఆవరణలో. నమూనాది."

రాజుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయన్ని ఎవరూ ఇలాంటి కోరిక కోరలేదు. "తప్పకుండా వేస్తాం. మా వాళ్లకు చేతనవునో కాదో గానీ, ప్రయత్నం చేస్తాం," అన్నారు.

పశువుల ఆసుపత్రి వెనక ఆవులూ గేదెలూ నిలబడే మైదానం ఉంది. వాటిని అక్కడినుంచి రోడ్డు మీదికి తోలి, రోడ్డు పని మైదానంలో మొదలుపెట్టారు. ముందు నున్నటి తారు రోడ్డు వేయాలన్నారు రాజుగారు. మామూలు నేలలో తవ్వింది గొయ్యి అవుతుందట, గోతుల మీద తమ శాఖకు అధికారం లేదట. రోడ్డు పొడవు దూర ప్రయాణానికి చాలదని జేడీ గారు అభ్యంతరం చెబితే, గుండ్రంగా తిప్పి రెండు కొసలూ కలిపేశారు. కొస లేని రోడ్డు మీద ఎంత దూరమైనా పోవచ్చు.

పని దక్కింది ఇప్పలగూడ రోడ్డు వేసిన కాంట్రాక్టరుకే. ఇంత అనుభవం ఉన్నవాడు మరొకడు లేడు. అయితే అలవాటు పడ్డ చెయ్యి ఊరుకోదు కదా, అతను ఇందులోనూ కక్కుర్తి పడ్డాడు. చెప్పినన్ని గుంతలు తవ్వకుండా, తవ్వినవి చెప్పినంత లోతు తవ్వకుండా, మిగతా చోటంతా తారు పూసి వదిలేశాడు. తనిఖీకి వచ్చినవాళ్లు జీపులో ఒక చుట్టు తిరిగి మండిపడ్డారు. "ఇంత నాసిరకం పని ఎక్కడా చూడలేదు. కుదుపన్నది లేదు. కప్పులో టీ ఒలకలేదు!" పాపం కాంట్రాక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతను వేసిన మంచి రోడ్డును చామంతి చూడటం అదే మొదటిసారి.

ఆ వారం సంతకు సిరమ్మ కొండ దిగి వచ్చింది. చింతపండు బుట్ట ముందు పెట్టుకుని, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టి అడ్డపొగ పీలుస్తూ కూర్చుంది. చామంతిని చూడగానే చుట్ట తీసింది.

"ఓలె కోడలా, సైకిలొచ్చినాదేటే?"

"ఇంకా లేదత్తా. రోడ్డేత్తన్నారు."

"మనకే?"

"మనకి కాదు. సైకిలికి."

"సైకిలికి రోడ్డేటే! నడిసెల్లే మనుసులికి నేదు గాని."

"పాడు రోడ్డత్తా. పాడు రోడ్డు మీద ఏ సైకిలు నడుత్తాదో చూడాలట."

సిరమ్మ చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకోవడం మరిచిపోయింది. "పాడు రోడ్డు గావాలంతే మన ఊరొచ్చి సుట్టబెట్టుకుని పట్టుకుపోరాదేటి? డబ్బులెట్టి ఏయించుకోడమేటే, ఈళ్లకేటైనా గాలి సోకినాదా?"

చామంతికి నవ్వొచ్చింది. సిరమ్మకు రాలేదు. పడమటి కొండల వైపు చూసి, గొంతు తగ్గించి అంది: "సూడు కోడలా. మబ్బులు ముందే ఏత్తన్నాయి. ఈయేడు సూది వానకి ముందే పడాల. మళ్లీ పోడానికి నా కాడ మేకల్లేవు."

గుంతలు మళ్లీ తవ్వించాక, మే నెల ఎండల్లో పరీక్షలు జరిగాయి. పట్నం నుంచి రకానికొకటి చొప్పున సైకిళ్లు వచ్చాయి. నిత్యం తొక్కబోయేది చామంతే గానీ, ఆమె సంఘ సభ్యురాలు కాదు గనుక సైకిలు ముట్టుకోవడానికి వీల్లేదు. జేడీ గారు ఆదివారపు బట్టల్లో వచ్చి, మొదటి గుంత దాకా తొక్కి, ఫోటోలయ్యాక, అర్జెంటు ఫైలుందని దిగిపోయారు. మిగిలింది సభ్య కార్యదర్శి. సూర్యప్రకాశం గారు ప్యాంటు కాళ్లకు దారాలు కట్టుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని ఎక్కారు. వెనక ఐసుపెట్టె బరువుకు బదులు ఆఫీసులో ఖాళీగా పడి ఉన్న టైపు మిషను కట్టారు. గుంతలో పడ్డప్పుడల్లా అది ఒక అక్షరం కొట్టేది.

పొద్దున మౌంటెన్, మధ్యాహ్నం టూరింగు, సాయంత్రం హైబ్రిడ్. చుట్టు తిరిగి ఎదురుగా వచ్చినప్పుడల్లా జేడీ గారు గది కిటికీలోంచి అడిగేవారు: "నడుము ఎలా ఉంది?"

"ఉంది సార్," అని సూర్యప్రకాశం గారు సాగిపోయేవారు. కాసేపటికి అదీ అనేవారు కాదు, చెయ్యి ఊపేవారు.

ఒక సాయంత్రం ఆయన నిజంగానే పడ్డారు. విచారణ చేస్తే, ఆ గుంత కాంట్రాక్టరు తవ్వింది కాదనీ, తనంతట తానే పడిందనీ తేలింది. ప్లానులో లేని గుంత. అనుమతి లేకుండా ఏర్పడినందుకు ఒక గంటలో దాన్ని పూడ్చేశారు. ఆ జిల్లాలో అంత తొందరగా పూడిన గుంత మరొకటి లేదు.

చివరికి సైకిలు ఎంపికైంది. పసుపు రంగుది, విదేశీ గేర్లు, ముందూ వెనకా స్ప్రింగులు. నిజంగానే అందంగా ఉంది. చామంతి వెనక వైపు చూస్తే కేరియరు లేదు.

"కేరియరు పెడితే స్ప్రింగుల స్వభావం దెబ్బతింటుంది," అన్నారు జేడీ గారు. "ఐసుపెట్టె మీరు భుజాన వేసుకోవచ్చు. మీకు అలవాటే కదా."

సరే అనుకుంది చామంతి. జూను మొదలైంది, భుజానికి అలవాటే. "రేపు పొద్దున్నే ఇప్పలగూడ వెళ్తాను సార్," అంది.

సూర్యప్రకాశం గారు ఇబ్బందిగా దగ్గారు. ఆర్డరు ఆయన చేతిలో ఉంది. నడుముకు పట్టీ కట్టుకుని, నిలబడే చదివారు. "సదరు సైకిలు కఠినమార్గ నిమిత్తము మాత్రమే కొనుగోలు చేయబడినది. ఇప్పలగూడకు పోవు మార్గము నున్నని తారు రోడ్డు అని సంబంధిత శాఖ వారు తెలియజేసి యున్నారు. కఠినమార్గ సైకిలును నున్నని రోడ్డుపై త్రిప్పుట దుర్వినియోగము క్రిందికి వచ్చును."

"మరి దీన్ని ఎక్కడ తొక్కాలి సార్?"

"జిల్లాలో ప్రభుత్వం గుర్తించిన గతుకుల రోడ్డు ఒక్కటే ఉందమ్మా," అని ఆయన కిటికీలోంచి మైదానం వైపు చూశారు.

"మరి ఊళ్లు?"

ఈ ప్రశ్నకు జవాబు జేడీ గారి దగ్గర ఉంది. "రోడ్డును ఇక్కడికి తేగలిగినవాళ్లం, ఊళ్లను తేలేమా?" అన్నారు.

మర్నాటికి బోర్డులు పాతారు. ఆకుపచ్చ రేకు మీద తెల్లటి అక్షరాలు. గేదెల కొట్టం పక్కన ఇప్పలగూడ. బోరు దగ్గర దబ్బలోవ. క్యాంటీన్ వెనక ఈతమానుగూడ. చామంతి రోజూ ఐసుపెట్టె భుజాన వేసుకుని ఆ దూర ప్రయాణం చేసేది. పటంలో ఎన్ని మైళ్లుంటే అన్ని మైళ్లకు సరిపడా చుట్లు తిరిగి, బోర్డు దగ్గర దిగి నిలబడేది. సాయంత్రం సూర్యప్రకాశం గారు అడిగేవారు.

"ఇప్పలగూడ వెళ్లొచ్చావా?"

"వెళ్లొచ్చాను సార్."

"మేకలెలా ఉన్నాయి?"

"లేవు సార్."

"అయితే రోగం కూడా లేనట్టే. మంచిది."

నాలుగో రోజో ఐదో రోజో, ఇప్పలగూడ బోర్డు కింద నిలబడి చామంతి నుదురు తుడుచుకుంటోంది. అక్కడినుంచి చూస్తే ఆసుపత్రి కిటికీలోంచి మందులుండే ఫ్రిజ్ కనిపిస్తుంది. తెల్లటి ఫ్రిజ్. బోర్డుకూ దానికీ మధ్య పట్టుమని ఇరవై అడుగులు లేవు. ఆమె చాలాసేపు ఫ్రిజ్ వైపు చూసింది. తర్వాత బోర్డు వైపు చూసింది. ఆ సాయంత్రం సూపరింటెండెంటు గదికి వెళ్లి, ఎప్పటిలా నెమ్మదిగా అడిగింది.

"సార్, ఏ ఊరి మేకలకు ఆ ఊళ్లోనే టీకా వేయాలని రూలుంది కదండీ. అందుకే కదా కొండవాళ్లు ఇక్కడికి తోలుకొస్తే మనం వెనక్కి పంపుతున్నాం."

"రూలు రూలే మరి."

"మేకల్ని ఆ బోర్డు దగ్గరికి తెస్తే, ఇప్పలగూడలో వేసినట్టేనా అండి?"

"బోర్డు మీద ఏమని ఉంది?"

"ఇప్పలగూడ అనే ఉందండి."

"మరింకేం? చదువుకున్నదానివి, నన్నడుగుతావేం?"

ఆ శుక్రవారం సంతలో చామంతి కబురు కొండెక్కించింది.

మంగళవారం పొద్దున ఆఫీసు తెరిచేసరికి ఆవరణ బయట దుమ్ము లేస్తోంది. మూడు ఊళ్ల మేకలు. పెద్దవి ముందు, నడవలేని పిల్లలు ఆడవాళ్ల నెత్తిన గంపల్లో. ఎండకు దాక్కుని, వెన్నెల్లో నడిచి, గెడ్డలు దాటి వచ్చాయి. కాపలావాడు గేటు దగ్గర అడ్డం నిలబడితే, సిరమ్మ కర్ర నేలకు ఆనించి అడిగింది. "ఇప్పలగూడ ఇదే గదా బాబూ? బోర్డున్నాదని సెప్పినారు."

కాదనడానికి అతనికి అధికారం లేదు.

ఊరికో వరసన మేకలు బోర్డుల దగ్గర నిలబడ్డాయి. చామంతి ఫ్రిజ్ దగ్గరికీ మంద దగ్గరికీ నడిచి, సీసా తర్వాత సీసా తెచ్చి, ఒక్కో మేకకూ పొడుస్తూ పోయింది. సిరమ్మ వంతు వచ్చినప్పుడు, సీసాను ఒకసారి తన చేతికి ఇమ్మంది. రెండు అరచేతుల మధ్య పట్టుకుంది.

"సల్లగున్నాదే," అంది. తన మేకల చెవులు తనే పట్టుకుని నిలబడింది.

ఈ గోలకు జేడీ గారు కిందికి దిగి వచ్చి, మొదట ఆగ్రహించి, తర్వాత అర్థమై, ఫోటోలకు కబురు పెట్టారు. ఒక్క రోజులో మూడు కొండ గ్రామాల్లో సంపూర్ణ టీకా. ఏ జిల్లాలోనూ జరగలేదు. వార్త తెలిసి విజయరామరాజు గారు కూడా జీపులో వచ్చారు. మేకలను చూసి ఆయన ముఖం విప్పారింది. రోడ్డు లేదని ఎవరో అన్నారు, రోడ్డు లేకపోతే ఇన్ని మేకలు ఎలా వచ్చాయి? ఆయన స్వయంగా సిరమ్మ దగ్గరికి వచ్చి వంగి అడిగారు.

"ఏమమ్మా, మీ ఊరి నుంచి మా రోడ్డు మీద వచ్చారు కదా. ఎలా ఉంది రోడ్డు?"

"ఏ రోడ్డు బాబూ?" అంది సిరమ్మ.

రాజుగారు పొంగిపోయి గుమాస్తా వైపు తిరిగారు. "రోడ్డు మీద నడుస్తున్నట్టే తెలియనంత నున్నగా ఉందట. రాసుకోండి."

ఆ సాయంత్రమే వాన పడింది. గట్టి వాన. మూడో రోజుకు కొండల మీద పచ్చదనం తిరుగుతుంది. టీకా ఒంట పట్టడానికి రెండు వారాలు కావాలి. ఇప్పుడు మంద కొండెక్కిందంటే కొత్త గడ్డిలోకే వెళుతుంది. చామంతి తడిసిన జుట్టుతో జేడీ గారి గుమ్మంలో నిలబడింది.

"సార్, ఈ మేకలిప్పుడు ఇప్పలగూడలో ఉన్నాయి కదండీ."

"ఉన్నాయి. అందులో సందేహమేముంది?"

"ఇక్కణ్ణుంచి వేరే చోటికి తోలాలంటే రవాణా అనుమతి కావాలేమోనండి. ఊరు దాటుతాయి కదా."

జేడీ గారు ఉలిక్కిపడ్డారు. "అమ్మో! మంచి మాట గుర్తు చేశారు. అనుమతి లేకుండా ఒక్క మేక కదలడానికి వీల్లేదు. ఫైలు పెట్టండి."

ఫైలు కదిలినన్నాళ్లూ మేకలు అక్కడే ఉన్నాయి. కొట్టంలో ఎండుగడ్డి తిన్నాయి. అది చాలక జేడీ గారి క్రోటన్లు తిన్నాయి. సూర్యప్రకాశం గారి భోజనపు విస్తరాకు తిన్నాయి. వాటి మనుషులు సైకిళ్ల షెడ్డులో పొయ్యిలు పెట్టుకుని అంబలి కాచుకున్నారు. ఈ ఒక్క ఫైలు పొరపాటున తొందరగా తేలిపోతుందేమోనని చామంతి రోజూ భయపడేది గానీ, శాఖ ఆమె నమ్మకాన్ని వమ్ము చేయలేదు. రెండు వారాలు దాటి ఇంకో రోజు గడిచాకే అనుమతి వచ్చింది.

మందతో పాటు చామంతి కూడా కొండెక్కింది. పసుపు సైకిలును బోర్డుకు ఆనించి, గొలుసు వేసి, నడిచే వెళ్లింది. కొత్త గడ్డి మోకాలెత్తు లేచి ఉంది. మొదటి రోజు మేకలు అందులో తలలు దూర్చినప్పుడు ఇప్పలగూడలో ఎవరికీ అన్నం సయించలేదు. చీకటి పడ్డాక కూడా సిరమ్మ దడి పక్కనే కూర్చుంది. తెల్లారింది. అన్నీ లేచాయి. రెండో రోజు, మూడో రోజు కూడా లేచాయి. నాలుగో రోజు పొద్దున చామంతి గుట్ట మీద బండరాయి ఎక్కింది. ఆ చుట్టుపక్కల ఫోను పనిచేసేది అక్కడే. ఎక్కిందో లేదో మోగింది. సూర్యప్రకాశం గారు.

"ఎక్కడున్నావమ్మా?"

"ఇప్పలగూడలో సార్."

"పెద్దవాణ్ణి, నాతో అబద్ధాలెందుకు తల్లీ? నేను ఇప్పలగూడలోనే నిలబడి మాట్లాడుతున్నాను. బోర్డు నా పక్కనే ఉంది, సైకిలుంది. నువ్వే లేవు."

చామంతి బండరాయి మీద కూర్చుంది.

"జేడీ గారు చాలా కోపంగా ఉన్నారు. ఇప్పలగూడలో డ్యూటీ ఉండగా ఇప్పలగూడ విడిచి వెళ్లినందుకు నీకు మెమో ఇమ్మన్నారు. సంజాయిషీ ఏం రాసుకుంటావో మరి." ఆయన ఆగారు. "వెనక ఏమిటా గోల?"

"మేకలండి."

"ఏ ఊరివి?"

కింద వాలులో సిరమ్మ ఒక్కో మేకనీ పేరు పెట్టి పిలుస్తోంది. పిలిచిందల్లా గడ్డిలోంచి తల ఎత్తుతోంది.

"ఇప్పలగూడవే సార్," అంది చామంతి. "అన్నీ ఉన్నాయి."

సూర్యప్రకాశం గారు ఎంతో జాలిగా అన్నారు.

"ఉంటాయమ్మా, ఎందుకుండవు? వాటికి అనుమతి ఉంది. లేనిది నీకే."